ఆరేళ్ళుగా జేబులో ఉన్న చిన్న కెమెరా: మంచీ చెడూ

2019లో హైదరాబాద్‌లో ఒక దుకాణంలో పాతది పద్దెనిమిది వేలకు కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే కింద దాన్ని తిట్టబోతున్నాను. ఒక అంగుళం సెన్సర్, 20 మెగాపిక్సెల్, 28 నుంచి 100 మిల్లీమీటర్ల వరకు జూమ్ (అంకె చిన్నదైతే ఫ్రేములో ఎక్కువ వెడల్పు పడుతుంది, పెద్దదైతే దూరంది దగ్గరవుతుంది), బ్యాటరీతో కలిపి పావు కిలోకి కాస్త తక్కువ. ఆ అంగుళం మాట నమ్మి స్కేలు పట్టుకుని కొలవకండి, అది పాత టీవీ కెమెరా గొట్టాల లెక్క నుంచి వచ్చిన పేరు, అసలు సెన్సర్ 13.2 మిల్లీమీటర్లకు 8.8 మాత్రమే. అయినా మామూలు ఫోన్ సెన్సర్ కన్నా బాగా పెద్దదే.

ఇంతకుముందు నా దగ్గర పెద్ద కెమెరా ఉండేది. బ్యాగు, రెండు లెన్సులు, ఇంకేవేవో. నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ అత్తగారింటికి పోవాలంటే కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా సగం రోజు బస్సుల్లోనే గడిచిపోతుంది, ఒడిలో పిల్ల, పక్కన సంచులు, ఇక ఆ బ్యాగు ఎవరు మోస్తారు? బీరువాలోనే ఉండి ఉండి లెన్సుకు బూజు పట్టింది. ఈ చిన్నది మాత్రం అంగీ జేబులో పడుతుంది కాబట్టి ఆరేళ్ళలో ఇంట్లో వదిలేసి పోయిన రోజులు తక్కువ.

ఫోన్ ఉండగా ఇదెందుకని అందరూ అడుగుతారు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం సంగతి చెప్తాను. మా ఊరి పక్కనే కాబట్టి ఎవరు చుట్టాలు వచ్చినా తీసుకుపోతాను. లోపల లింగం వెనక గోడ మీద పగలంతా కదలకుండా ఒక స్తంభం నీడ ఉంటుంది, గుడికి ఆ పేరు వచ్చిందే దాని వల్ల. ఫోన్‌తో తీస్తే ఏమవుతుందంటే, చీకటి కనపడగానే అది తనంతట తాను వెలుగు పెంచేస్తుంది, గోడ తెల్లగా వస్తుంది, చూడడానికి పోయిన నీడే పలచబడి పోతుంది! చిన్న కెమెరాలో ఎఫ్ 1.8 (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు కన్ను అంత పెద్దగా తెరుచుకుని వెలుగు ఎక్కువ వస్తుంది) పెట్టి, గడపకు ఆనుకుని ఊపిరి బిగబట్టి సెకనులో పదిహేనో వంతు దగ్గర రా ఫైల్ (కెమెరా తన దిద్దుబాట్లు చేయకుండా ఉంచే ముడి ఫోటో) తీశాను. నీడ నీడలాగే వచ్చింది, అంచులు మెత్తగా, కంటికి ఎట్లా కనపడుతుందో అట్లా. అయితే ఆ 1.8 జూమ్ చేయనంత వరకే. జూమ్ లాగితే ఎఫ్ 4.9కి పడిపోతుంది, అప్పుడు చీకట్లో ఇదీ ఫోనూ ఒకటే. బతుకమ్మ ఆడేటప్పుడు దూరం నుంచి జూమ్ చేసి తీసినవన్నీ అలికినట్టు వచ్చాయి, దగ్గరికి నడిచి పోయి తీసినవే బాగున్నాయి.

దీనికి ఉన్న చిన్న ఫ్లాష్‌ను నేను మొదట్లో పట్టించుకోలేదు. రెండేళ్ళకోసారి వచ్చే పెద్దగట్టు జాతరకు పోయినప్పుడు దాని విలువ తెలిసింది. మిట్టమధ్యాహ్నం ఎండ, తలపాగా కింద ముఖాలన్నీ నల్లగా. ఇలాంటి చిన్న కెమెరాల్లో షట్టర్, అంటే వెలుగును లోపలికి వదిలి మూసే తలుపు, లెన్సులోనే ఉంటుంది, అందుకే సెకనులో 2000వ వంతు దగ్గర కూడా ఫ్లాష్ కలుస్తుంది. పెద్ద కెమెరాల్లో చాలావాటికి మామూలుగా 200, 250వ వంతు దగ్గరే ఆగిపోతుంది. ఎండలో ఫ్లాష్ కొడుతుంటే పక్కన ఒక గొల్ల తాత నవ్వి, "ఏం తమ్మీ, గింత ఎండల లైటెందుకు? గా డబ్బాల ఫోటో వస్తదా?" అన్నాడు. స్క్రీన్ మీద చూపిస్తే తన మీసం చూసుకుని ఇంకోటి తీయమన్నాడు. నల్లగొండలో ఆ ఫోటో కడిగించి పెట్టాను కానీ ఇయ్యడానికి ఆయన ఏ ఊరో అడగలేదు. నా తప్పే.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర మాత్రం ఫోన్‌దే గెలుపు. 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారే, ఆ మర్రి. ఎకరాల మేర పరుచుకున్న చెట్టు 28లో ఎక్కడ పడుతుంది, ఎంత వెనక్కి జరిగినా రెండు ఊడలూ ఒక కొమ్మా వస్తాయి. ఫోన్ వైడ్ లెన్సుతోనే తీసుకోండి. వీడియోకు కూడా నేను దీన్ని వాడను, మే నెల ఎండలో పది నిమిషాలకే ఒళ్ళు కాలి ఆగిపోతుంది. బ్యాటరీ ఒక రోజుకు రాదు, రెండోది తప్పనిసరి. ఎర్రచెల్క మట్టి దగ్గర ఆటో రంగులు పెడితే మట్టి గోధుమరంగుకు దిగిపోతుంది, ఎండ గుర్తు మీద పెట్టి వదిలేయండి.

ఇప్పుడు అసలు తిట్టు. లెన్సు బయటకొచ్చి లోపలికి పోతుంది చూడండి, పోయిన ప్రతిసారీ గాలితో పాటు దుమ్మును కూడా లాక్కుంటుంది. జేబులో పట్టడానికి కారణం ఆ ముడుచుకునే లెన్సే, పాడవడానికీ అదే. నాలుగో ఏట సెన్సర్ మీద మచ్చ పడింది. ఎఫ్ 1.8లో కనపడదు, ఎఫ్ 8కి పోతే ఆకాశంలో బూడిదరంగు చుక్క. పెద్ద కెమెరా అయితే లెన్సు తీసి ఊదుకోవచ్చు, దీన్ని మొత్తం విప్పాలి. సర్వీసుకు తీసుకుపోతే ఆరున్నర వేలు అడిగారు, అదీ మళ్ళీ దుమ్ము చేరదన్న గ్యారంటీ లేకుండా. వాక్యూమ్ క్లీనర్ పెట్టి పీల్చే ఉపాయం ఎవరో చెప్పారు, ధైర్యం చాలలేదు.

మీరు కొంటే మొదటి రోజే చిన్న జిప్పు సంచి ఒకటి కొనండి, ఉత్త జేబులో వేయకండి. జేబు అడుగున ఉండే నూలు పీచే మొదటి శత్రువు. పాతది కొనేటట్లయితే దుకాణంలోనే ఎఫ్ 11 పెట్టి తెల్లగోడను ఫోటో తీసి జూమ్ చేసి చూడండి, చుక్కలుంటే అక్కడే దొరుకుతాయి. నేను చూడలేదు. వాట్సాప్‌లో పంపడానికే ఫోటోలైతే ఈ ఖర్చు వద్దు, అచ్చు వేయించుకుని గోడకు పెట్టుకునే అలవాటుంటేనే కొనండి.

నాది ఇంకా నడుస్తోంది. మచ్చ కుడి పక్క పైమూలకు ఉంది కాబట్టి ఫ్రేమ్ కట్టేటప్పుడు ఆ మూలలో ఏదో ఒక కొమ్మ పడేట్టు చూసుకుంటున్నాను. పోయిన వానాకాలం సాగర్ గేట్లు ఎత్తారంటే పోయాం, 26 గేట్ల డ్యామ్ ముందు కొమ్మ ఎక్కడ దొరుకుతుంది, తెల్లటి తుంపర మీద చుక్క అట్లాగే పడింది. మా పిల్ల దాన్ని చూసి కొంగ అంది.