డ్రైవరా, సెవెన్ ఐరనా? ఫుల్ స్వింగ్ దేనితో మొదలుపెట్టాలి

గోల్ఫ్ కొత్తగా నేర్చుకునేవారి చెయ్యి ముందు డ్రైవర్ అనే పొడవాటి క్లబ్ (బంతిని కొట్టే కర్ర) మీదికే పోతుంది. ఫుల్ స్వింగ్, అంటే క్లబ్‌ను పూర్తిగా ఊపి కొట్టడం, నేర్చుకోవడానికి నా ఓటు మాత్రం అంతకన్నా పొట్టి క్లబ్ అయిన సెవెన్ ఐరన్‌కే.

డ్రైవర్ పొడవు సుమారు 45 అంగుళాలు. లాఫ్ట్, అంటే బంతిని తాకే క్లబ్ ముఖం వాలు, 10 డిగ్రీలకు అటూ ఇటూ. ఇంత తక్కువ వాలులో, బంతిని తాకే క్షణాన ముఖం కాస్త తెరుచుకున్నా, అంటే గురి నుంచి పక్కకు తిరిగినా, బంతి పక్కకు బాగా వంపు తిరుగుతుంది. కుడిచేతి వాటం వారికి అది కుడివైపు స్లైస్. దాన్ని తప్పించుకోవాలని ఎడమకు గురిపెడితే, క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వచ్చి వంపు ఇంకా పెరుగుతుంది.

సెవెన్ ఐరన్ దాదాపు 37 అంగుళాలే, వాలు 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. బ్యాక్‌స్పిన్ (బంతి వెనక్కి తిరిగే సుడి) ఎక్కువ కాబట్టి అదే తప్పుకు బంతి తక్కువగా వంగుతుంది. అప్పుడు దాని ప్రయాణాన్ని చదవగలం: బయలుదేరే దిశ చాలావరకు క్లబ్ ముఖాన్ని బట్టి, తర్వాతి వంపు ముఖానికీ స్వింగ్ దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి. పట్టు మార్చాలో, దారి మార్చాలో ఇక్కడే తేలుతుంది.

డ్రైవర్‌తో ఒక సౌకర్యం నిజమే: బంతి టీ (నేలలో గుచ్చే చిన్న పుల్ల) మీద ఎత్తుగా ఉంటుంది, నేలను తవ్వే భయం తక్కువ. అయితే ఐరన్‌కూ మొదట్లో పొట్టి టీ వాడవచ్చు. నడుము ఎత్తు వరకే ఊపుతూ, బంతి తిన్నగా వెళ్లడం మొదలయ్యాక స్వింగ్ పెంచండి.