గల్ఫ్ విమాన సీట్ల పంపకం: సర్కారు పంచాలా, వేలం వేయాలా, గేట్లెత్తేయాలా?

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి దాదాపు నాలుగు గంటల ప్రయాణం. మామూలు రోజుల్లో టికెట్ ఒక రేటు, పండగ ముందూ బడి సెలవుల్లోనూ ఇంకో రేటు, ఆ రెండో రేటు చూసిన ప్రతివాళ్లూ ఎయిర్‌లైన్‌ని తిడతారు. తిట్టండి, నేనేం అడ్డురాను. కాకపోతే ఆ రేటు వెనక ఎయిర్‌లైన్ ఒక్కటే లేదు, రెండు ప్రభుత్వాలు సంతకాలు పెట్టుకున్న ఒక కాగితం కూడా ఉంది. దాని గురించి మన దగ్గర మాట్లాడుకునేది చాలా తక్కువ.

ఒక దేశం విమానం ఇంకో దేశంలో రోజువారీ సర్వీసు నడపాలంటే, 1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం, ఆ రెండో దేశం ఒప్పుకోవాలి. అందుకని రెండు ప్రభుత్వాలు కూర్చుని వారానికి ఎన్ని సీట్లు, ఏయే ఊళ్లకి అని రాసుకుంటాయి. ఇండియా, దుబాయ్ మధ్య ఆ లెక్క ఒక్కో వైపు వారానికి 66 వేల చిల్లర సీట్లు. 2014లో రాసుకున్నది, పదేళ్లు దాటినా అంతే. అబుదాబికి వేరే కోటా, షార్జాకి వేరే కోటా. కువైట్ కథ ఇంకా విడ్డూరం, 12 వేల దగ్గర ఏళ్లకేళ్లు కూర్చుని 2025లో 18 వేలకి పెరిగింది.

దుబాయ్ వాళ్లు తమ వాటా ఎప్పుడో నింపేశారు. 2022లో ఇంకో 50 వేలు ఇమ్మని అడిగితే అప్పటి విమానయాన మంత్రి సింధియా కుదరదన్నారు. ఇప్పుడు ఆ కుర్చీలో మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు ఉన్నారు, కొట్లాట మాత్రం అదే. దుబాయ్ కంపెనీ ఎమిరేట్స్ వాదన ఏంటంటే జనం ఉన్నారు, విమానాలు ఉన్నాయి, సీట్లు ఎందుకు ఆపుతారు అని. ఎయిర్ ఇండియా వాదన ఏంటంటే మీ విమానం ఎక్కేవాళ్లలో చాలామంది దుబాయ్‌లో దిగరు, అక్కడ మారి లండన్‌కో న్యూయార్క్‌కో పోతారు, ఆ ప్రయాణికుడు నాకు రావాల్సినవాడు, మీకిచ్చేస్తే నేను పెద్ద విమానాలు కొని ఏం చేసుకోను అని. రెండూ నిజమే, అందుకే ఇది తెగట్లేదు. మన వైపు కోటా కోసం మనవాళ్లలోనే ఇంకో కొట్లాట ఉంది. కొత్తగా వచ్చిన మన కంపెనీ ఆకాశ ఎయిర్ 2024లో విదేశాలకి మొదటి అడుగు దోహాకి వేసింది, దుబాయ్‌కి వేయలేదు. దుబాయ్ సీట్లు అప్పటికే పెద్దవాళ్ల పేరు మీద రాసి ఉన్నాయి మరి.

సరే, కొద్దిగా ఉన్నదాన్ని పంచే దారులు ఏమున్నాయి, హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి వాటిలో ఏది మేలు?

మొదటిది మనం చూస్తున్నదే, మంత్రిత్వ శాఖ తన లెక్కల ప్రకారం ఇవ్వడం. దీని చరిత్ర చూస్తే ప్రయాణికుడి మాట ఎక్కడా వినపడదు. గల్ఫ్ రూట్లు 2008 దాకా మన ప్రైవేటు కంపెనీలకి ఇవ్వనే లేదు, ప్రభుత్వ సంస్థ కోసం అట్టిపెట్టారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వలసపోయినవాళ్లు ఆ ఏళ్లన్నీ వాళ్లిచ్చిన విమానం, వాళ్లు చెప్పిన రేటు అనుకుని ఎక్కారు. ఇంకోవైపు కొత్త కంపెనీ విదేశాలకి ఎగరాలంటే ఐదేళ్ల అనుభవం, 20 విమానాలు ఉండాలన్న రూల్ 2016 దాకా నడిచింది, ఆ ఐదేళ్లు తీసేసి 20 విమానాలు మాత్రం ఉంచారు. 2013లో ఇంకో తమాషా. జెట్ ఎయిర్‌వేస్‌లో అబుదాబి కంపెనీ ఎతిహాద్ 24 శాతం వాటా కొంటున్న సమయంలోనే అబుదాబి కోటా 13 వేల నుంచి 50 వేల దాకా పెంచడానికి ఒప్పుకున్నారు. రెండిటికీ సంబంధం లేదని ఎవరైనా అంటే వినడానికి బాగుంటుంది. ఆ జెట్టేమో 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది, దాని హక్కుల కోసం మిగతా కంపెనీలు తోసుకున్నాయి, తాత్కాలికం అంటూ పంచారు.

ఇది మన దేశానికే పట్టిన రోగం అనుకోకండి. 2023లో ఆస్ట్రేలియాలో ఖతార్ ఎయిర్‌వేస్ అదనపు సర్వీసులు అడిగితే అక్కడి మంత్రి కేథరిన్ కింగ్ కాదన్నారు, ఎందుకు కాదన్నారో ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి చెప్పారు, చివరికి సెనేట్ విచారణ దాకా పోయింది. అప్పటికే ఖతార్ వాళ్లు ఇంకో పని చేస్తున్నారు. పెద్ద నగరాలకి పరిమితి ఉంది, అడిలైడ్‌కి లేదు, అందుకని మెల్‌బోర్న్ విమానాన్ని అక్కడినుంచి అడిలైడ్ దాకా దాదాపు ఖాళీగా తిప్పి పరిమితి దాటేశారు. కాగితం మీద కోటా పెడితే నేల మీద ఇలాంటివే నడుస్తాయి.

రెండోది అమెరికా పద్ధతి. హక్కులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ అయితే అక్కడి రవాణా శాఖ అందరి దగ్గరా దరఖాస్తులు తీసుకుంటుంది, ఏ ఊరి నుంచి, ఏ విమానంతో, వారానికి ఎన్నిసార్లు అనేది ప్రతి కంపెనీ రాసివ్వాలి, ఒకరి దరఖాస్తు మీద ఇంకొకరు లోపాలు పట్టొచ్చు, అంతా బయటివాళ్లు చదువుకునేలా ఉంటుంది. టోక్యోలోని హనేడా విమానాశ్రయం కోసం 2019లో 12 సర్వీసులు పంచినప్పుడు డెల్టాకి 5, యునైటెడ్‌కి 4, అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కి 2, హవాయియన్‌కి 1 వచ్చాయి. ఎవరికి ఎందుకు వచ్చిందో కారణాలతో సహా ఆర్డర్‌లో రాశారు. మన దగ్గర అలాంటి ఆర్డర్ చదివే భాగ్యం ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణే కాదు.

దీనికీ జబ్బులున్నాయి. దరఖాస్తులో అందరూ గొప్పలే రాస్తారు. 2016లో క్యూబా రాజధాని హవానాకి రోజుకి 20 సర్వీసులు ఎనిమిది కంపెనీలకి పంచారు, అడిగింది దానికి దాదాపు మూడింతలు, తీరా ఏడాది తిరక్కముందే జనం రావట్లేదని ఫ్రంటియర్, స్పిరిట్ సర్దుకుని వెళ్లిపోయాయి. ఇంకా ముదురు కథ డెల్టాది. సియాటిల్ నుంచి హనేడాకి హక్కు తీసుకుంది, 90 రోజులు వాడకపోతే హక్కు పోతుందన్న రూల్ ఉంది కాబట్టి చలికాలంలో సర్వీసు ఆపేసి, గడువు దాటకుండా మధ్యలో కొద్ది రోజులు మాత్రం నడిపింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వెళ్లి ఫిర్యాదు చేసింది, నాకిస్తే లాస్ ఏంజెలెస్ నుంచి రోజూ నడుపుతానంది. 2015లో రవాణా శాఖ డెల్టాకి షరతు పెట్టింది, రోజూ నడపాలి, ఎగ్గొడితే హక్కు అమెరికన్‌కి పోతుందని. కొన్ని నెలలకి డెల్టా తనే వదులుకుంది. చూడండి, పట్టిచ్చింది అధికారి కాదు, ఆ హక్కు కోసం కాచుకుని ఉన్న పక్క కంపెనీ. దరఖాస్తులు బయటపెడితే వచ్చే లాభం ఇదే, కాపలా కాసే పని పోటీవాడే ఉచితంగా చేస్తాడు.

మూడోది వేలం. వేలం లేకుండా పంచిన 122 టెలికాం లైసెన్సుల్ని 2012లో సుప్రీంకోర్టు రద్దు చేసిన దగ్గర్నుంచి మన దేశంలో వేలం అంటే నిజాయితీ అని ఒక నమ్మకం స్థిరపడింది. 2015 విమానయాన విధానం ముసాయిదాలో అదనపు సీట్లకి వేలం ఆలోచన కూడా వచ్చింది, 2016లో వచ్చిన అసలు విధానంలో దాన్ని కమిటీకి అప్పగించి వదిలేశారు. వేలం అనగానే మొదట వచ్చే అభ్యంతరం, కంపెనీ ఆ డబ్బంతా మన టికెట్ మీదే రుద్దుతుంది కదా అని. ఇది అంత నిజం కాదు. కోకాపేటలో 2023లో ఎకరం వంద కోట్లు దాటిందంటే, ఆ రేటు వల్ల అక్కడ ఫ్లాట్లు ఖరీదయ్యాయా, అక్కడ ఫ్లాట్లు ఆ రేటుకి పోతాయని తెలిసే బిల్డర్ అంత పెట్టాడా? రెండోదే ఎక్కువ నిజం. విమానంలోనూ అంతే, సీట్లు కొన్నే ఉన్నప్పుడు రేటు ఎలాగూ ఎగబాకుతుంది, వేలం పెడితే ఆ లాభంలో కొంత ఖజానాకి పోతుంది, పెట్టకపోతే కంపెనీ జేబులో ఉంటుంది. టికెట్ కొనేవాడికి రెండిట్లోనూ ఒకటే చేదు.

అయితే వేలం నాకు నచ్చకపోవడానికి కారణం వేరే ఉంది. ఒక రూట్ మీద ఇప్పటికే పట్టున్న కంపెనీకి ఆ హక్కు విలువ కొత్తవాడికంటే ఎప్పుడూ ఎక్కువే, ఎందుకంటే వాడు సీటు కోసం మాత్రమే కాదు, పోటీ రాకుండా ఉండటానికి కూడా డబ్బు పెడతాడు. మన ఆకాశాన్ని ఇప్పటికే ఇండిగో, ఎయిర్ ఇండియా గ్రూపు పంచుకున్నాయి, ఇక వేలం పెడితే ఫలితం ఎవరైనా చెప్పగలరు. పైగా మనం వేలం వేయగలిగేది మన వాటా, లేదా మనం కొత్తగా ఇచ్చే సీట్లు. దుబాయ్ వాటాలో ఎవరు ఎగరాలన్నది దుబాయ్ చెప్తుంది, వాళ్లు అమ్ముకుంటే మనం అడగలేం, మనం వాళ్ల కంపెనీని డబ్బడిగితే రేపు మన కంపెనీని వాళ్లడుగుతారు.

నాలుగోది గేట్లెత్తేయడం, ఓపెన్ స్కైస్. హైదరాబాదీకి పైపైన చూస్తే ఇదే బాగుంటుంది, ఎందుకంటే మన దూరప్రయాణాలన్నీ దాదాపు పరాయి విమానాల్లోనే, దోహా, దుబాయ్, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో మారే పోతాం. కోటా బిగించినప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. 66 వేలు ఊరికింత అని విడివిడిగా ఇచ్చినవి కావు, దేశం మొత్తానికి కలిపి. ఎమిరేట్స్ హైదరాబాద్‌కి ఒక సర్వీసు పెంచాలంటే ముంబైలోనో కొచ్చిలోనో ఒకటి తీయాలి. ముంబై బిజినెస్ క్లాస్‌ని వదులుకుని మన పిల్లల ఎకానమీ టికెట్ల కోసం ఎవడొస్తాడు?

కానీ గేట్లెత్తితే అన్నీ వస్తాయన్నది భ్రమ. అమెరికాతో మనకి 2005 నుంచి ఓపెన్ స్కైస్ ఉంది. కోటా లేదు, పరిమితి లేదు, తెలుగువాళ్లు ఇంతమంది అక్కడున్నారు, అయినా హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానం ఏది? ఎయిర్ ఇండియా 2021 జనవరిలో షికాగోకి మొదలుపెట్టింది, కొంతకాలం నడిపి ఆపేసింది. హక్కు ఉంటే సరిపోదు, అంత దూరం ఎగిరే విమానం ఉండాలి, పైలట్లు ఉండాలి, ముందుండే బిజినెస్ క్లాస్ సీట్లు నిండాలి. ఎయిర్ ఇండియా వాదనలో నేను ఒప్పుకునేది ఇక్కడే. దుబాయ్‌కి రేపే తలుపులు బార్లా తీస్తే, మన దగ్గర్నుంచి నేరుగా ఎగరాలనుకునే ప్రతి సర్వీసూ మొదటి రోజే అటు కారిపోతుంది.

కాబట్టి నా వరస ఇది. మన వాటా మనవాళ్లకి పంచడంలో అమెరికా పద్ధతి, అందులోనూ డెల్టాకి పెట్టినలాంటి పదునైన షరతుతో, నాకు అన్నిటికంటే మేలు. ఏ ఊరి నుంచి నడుపుతారన్నది దరఖాస్తులో మార్కులు తెచ్చేదిగా ఉండాలి, లేకపోతే అందరూ ఢిల్లీ, ముంబై అనే రాస్తారు. అవతలి వాళ్లకి పెంచడంలో ఒకేసారి గేట్లెత్తడం వద్దు, యూఏఈ రాయబారి స్వయంగా ముందుకు తెచ్చిన లెక్క ఉంది కదా, వాళ్లకి ఒక సీటు పెరిగితే మనవాళ్లకి నాలుగు. అడిగేవాడే ఇస్తానంటుంటే వద్దనడం నాకు అర్థం కాదు. యూరప్, అమెరికాలాంటి దూర దేశాలకి మాత్రం పూర్తిగా తెరవడమే మంచిది, 2016 విధానం కూడా ఢిల్లీకి 5,000 కిలోమీటర్లు దాటిన దేశాలకి అదే చెప్పింది. వేలం మూడో స్థానం. ఇప్పటిలా కారణం చెప్పకుండా పంచడం ఆఖరు, అది మారకపోతే మిగతా వాటి గురించి మాట్లాడుకోవడం కూడా దండగ.

ఇక పరాయి పోటీ నుంచి మన కంపెనీలకి ఈ రక్షణ ఎన్నాళ్లు అన్న ప్రశ్న. ఇండిగో చాలా దూరం ఎగిరే పెద్ద ఏ350 విమానాలు 60కి ఆర్డర్ ఇచ్చింది, ఎయిర్ ఇండియాకి కొన్ని ఇప్పటికే వచ్చాయి, ఇంకా రావాలి. మా విమానాలు వచ్చేదాకా ఆగండి అంటున్నారు, ఆగుదాం. అయితే ఆగడానికి ఒక తేదీ రాసివ్వాలి, ఆ తేదీకి వాటిలో ఎన్ని శంషాబాద్ నుంచి నేరుగా ఎగురుతాయో కూడా రాసివ్వాలి. రాసివ్వలేమంటే ఆ రక్షణ ఖర్చు హైదరాబాద్ ప్రయాణికుడు ఎందుకు మోయాలో పార్లమెంటులో మన ఎంపీలే అడగాలి.