గుల్మార్గ్‌లో తేలిక స్కీలా, వెడల్పు స్కీలా?

బెజవాడ ఎండల్లో పెరిగినవాడికి మంచు మీద జారే పిచ్చి ఎక్కడ పట్టుకుందిరా అని మా అమ్మ ఇప్పటికీ తిడుతుంది. కాళ్లకు స్కీలు, అంటే పొడవాటి పలకలు, బిగించుకుని జారడానికి కాశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లడం నాకిది మూడోసారి. గన్నవరంలో ఎక్కి, ఢిల్లీలో విమానం మారి, శ్రీనగర్‌లో దిగాం, నేనూ మా గుంటూరు బావా.

బస దగ్గరే పొరపాటు చేశాం. అద్దె తక్కువని కింద టంగ్‌మార్గ్‌లో దిగాం. రాత్రి మంచు పడితే మామూలు బండ్లు పైకి పోలేవు, చక్రాలకు గొలుసులు కట్టిన బండి దొరకాలి. ఆ ఎదురుచూపులోనే మొదటి రోజు పదకొండయింది. ఆ సాయంత్రమే గుల్మార్గ్‌కి మారిపోయాం. గది ఇరుకు, వేణ్ణీళ్లు మనిషికో బకెట్టు, కానీ కొండ మీదకి మోసుకెళ్లే కేబుల్ కారు, అదే గండోలా, దాని దగ్గరికి నడిచి వెళ్లొచ్చు. తిండికి బెంగ లేదు, కాశ్మీరీలూ అన్నమే తింటారు. మా గోంగూర పచ్చడిలో నూనె మాత్రం పేరుకుపోయింది.

స్కీలు అద్దెకు తీసుకునేటప్పుడు మా ఇద్దరికీ పడలేదు. "ఎక్కాలంటే తేలిగ్గా ఉండాలి బావా" అని తను కొండ నడిచి ఎక్కడానికి పనికొచ్చే టూరింగ్ స్కీలు తీసుకున్నాడు. స్కీ నడుము దగ్గర, అంటే మధ్యలో, వెడల్పు 88 మిల్లీమీటర్లు, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగులతో కలిపి జత 3 కిలోల పైచిలుకు. నేను మెత్తటి మంచులో కిందికి జారడానికి చేసిన 108 మిల్లీమీటర్ల ఫ్రీరైడ్ స్కీలు తీసుకున్నా, 6 కిలోలు దాటాయి. పైకి మోసేది గండోలా అయినప్పుడు బరువుతో నాకేం పని?

రెండు రోజులు నా మాటే నెగ్గింది. గండోలా రెండో దశ అఫర్వాట్ మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తులో దింపుతుంది. మోకాలి లోతు మెత్తటి మంచులో వెడల్పు స్కీ పడవలా తేలుతుంది. నలుగురు తొక్కి గడ్డకట్టిన చోట దాని బరువే కాలిని నిలబెడుతుంది. అలాంటి చోట బావ స్కీలు టకటకా కొట్టుకునేవి. మధ్యాహ్నానికి తొడలు పట్టేశాయన్నాడు.

మూడో రోజు గాలి. పై దశ ఆపేశారు. బావ జాకెట్టు లోపల వెచ్చగా దాచిన స్కిన్లు, అంటే జిగురున్న బొచ్చు పట్టీలు, తీసి స్కీల అడుగున అంటించాడు. వాటిని నిమిరి చూశా: ఒకవైపు పిల్లి వీపులా నున్నగా ఉంది, ఎదురు నిమిరితే గరుకు. అందుకే స్కీ ముందుకు జారుతుంది, వెనక్కి జారదు. పైగా తన బైండింగులో మడమ లేస్తుంది. నాది బిగించిందే బిగింపు. గైడు బావ ట్రాన్సీవర్ (మంచు కింద కూరుకుపోతే ఆచూకీ చెప్పే రేడియో పరికరం) సరిచూసి, పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) ఉన్నాయా అని అడిగి, పైన్ చెట్ల మధ్య నుంచి తీసుకెళ్లాడు. నేను కింద కాశ్మీరీ టీ కహ్వా తాగుతూ కూర్చున్నా.

రెండు గంటలకు తిట్టుకుంటూ దిగాడు. దారిలో ఒక స్కిన్ ఊడొచ్చిందట, జిగురు ఎప్పుడో పోయింది. టేపు చుట్టి నెట్టుకొచ్చాడు. అద్దెకిచ్చినాయన చలికి అంతేనని చేతులు దులుపుకున్నాడు. కొట్టులోనే ఒకసారి అంటించి లాగి చూడాల్సింది, మాకు తట్టలేదు.

గండోలా మీదే తిరిగేవాళ్లకి ఇప్పటికీ ఫ్రీరైడే చెబుతా. వచ్చే జనవరికి మాత్రం నేను వెడల్పు స్కీలకే మడమ లేచే బైండింగు ఉన్నవి వెతుకుతా. ఆ బరువు మోయడానికి రోజూ పొద్దున్నే దుర్గమ్మ కొండ మెట్లు ఎక్కడం మొదలుపెట్టా.