పాత డ్రమ్ముతో మేకల తొట్టి: వాడి చూశాక

మేకల పెంపకంలో నాకు నిజంగా కలిసివచ్చిన పరికరం, 200 లీటర్ల పాత ప్లాస్టిక్ డ్రమ్మును నిలువునా కోసి చేసుకున్న మేత తొట్టి. ఒక డ్రమ్ముకు రెండు తొట్లు వస్తాయి. కోసిన అంచు మూతిని గీరేంత పదునుగా ఉంటుంది. పాత నీటి గొట్టాన్ని పొడవునా చీల్చి ఆ అంచుకు తొడగాలి. ఈ పని చేయకుండా తొట్టిని మేకల ముందు పెట్టకూడదు.

నేలపాలైన మేతను మేక తొక్కుతుందే గాని ముట్టదు. తొట్టిని ఎత్తులో కర్రల చట్రానికి బిగించాక వృథా బాగా తగ్గింది. మేతలో పెంటికలు కలవవు కాబట్టి నులిపురుగుల బెడదకూ కొంత అడ్డుకట్ట. పిల్లలు మాత్రం ఊరుకోవు, ఎక్కి అందులోనే పడుకుంటాయి! అందుకే తొట్టి పైన పొడవునా ఒక వెదురు బొంగు కట్టాను. తల దూరుతుంది, ఒళ్లు దూరదు. అడుగున చిన్న రంధ్రాలు వేస్తే వాన నీరు నిలవదు.

పురుగుమందులు, రసాయనాలు నింపిన డ్రమ్మును ఎంత కడిగినా వాడకండి. ఎండుగడ్డికి ఈ తొట్టి అంత అనువు కాదు, బయటికి లాగి పారబోస్తాయి. దాణాకు, తరిగిన పచ్చిమేతకు మాత్రం దీన్ని మించింది నాకు దొరకలేదు.