టిక్కు తీసేసి అంకె అడిగాం: సేఫ్టీ చెక్‌లిస్ట్‌తో ఆరేళ్లు

విశాఖ దగ్గర పరవాడ వైపు ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ కాంట్రాక్టు పనులకు సేఫ్టీ సూపర్‌వైజర్‌గా ఆరేళ్లు నిండాయి. ట్యాంకులు కడగడం, లోపల వెల్డింగ్, పైపులు మార్చడం మా పని. చెక్‌లిస్ట్ నింపి పర్మిట్‌కు జత చేయనిదే ఎవరూ పని మొదలుపెట్టకూడదు.

మొదటి రెండేళ్లూ ఆ కాగితం వల్ల ఒరిగిందేమీ లేదు. 22 ప్రశ్నలు, అన్నిటికీ అవును, కాదు అని రెండు గళ్లు. గ్యాస్ చూశారా? అవును. బయట మనిషి ఉన్నాడా? అవును. టీ చల్లారేలోపు పేజీ నిండిపోయేది.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, పొద్దుటి కాగితం మీదే ఒక వెల్డర్ ట్యాంకులోకి దిగబోయాడు. మ్యాన్‌హోల్ దగ్గరున్న శ్రీకాకుళం కుర్రాడు అతని భుజం పట్టుకుని, "బయట ఎవులూ నేరు కదా సార్" అని నన్ను పిలిచాడు. కాపలా ఉండాల్సిన మనిషి నీళ్ల కోసం వెళ్లాడు. ఎందుకైనా మంచిదని గ్యాస్ మీటరు తాడుతో కిందికి దింపి చూస్తే ఆక్సిజన్ 18.1 శాతం. 19.5 కంటే తగ్గితే మనిషిని దింపకూడదు. కాగితంలో మాత్రం అన్నీ "అవును"లే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే మేనేజరు గారిని ఒప్పించి చెక్‌లిస్ట్ తిరగరాశాం. గ్యాస్ చూశారా అని అడగడం మానేసి, ఆక్సిజన్ ఎంత, ఎన్ని గంటలకు చూశారు అని అడిగాం. అదీ పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు, అడుగున చేరుతుంది. మూత దగ్గర మాత్రమే చూసి వచ్చేస్తే అది దొరకదు. కాపలా మనిషి పేరు రాసి, అతని చేతే సంతకం పెట్టిస్తాం. లోపలికి తీసుకెళ్లే చేతి దీపం ఎన్ని వోల్టులదో రాయాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం ఇలాంటి చోట్లకు 24 వోల్టుల హద్దు పెట్టింది.

మూడు చోట్ల చూడాలని నేను పట్టుబట్టడానికి వెంకటాపురం కూడా కారణం. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం) ఆవిరి ఊరి మీద పడి 12 మంది పోయారు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత అడుగునే చూసేవారని తర్వాత విచారణలో తేలింది. అడుగు అంకె ఎంత శ్రద్ధగా రాసుకున్నా పైన వేడెక్కేది తెలియదు కదా. ఈ ఊళ్లో సేఫ్టీ పని చేసేవాళ్లెవరూ దాన్ని మరిచిపోకూడదు.

ఫోన్ యాప్ కూడా ఏడాది వాడాం. ఏ నిమిషంలో నింపారో అది చెప్పేస్తుంది, ఆ గుణం నాకు బాగా నచ్చింది. 22 ప్రశ్నలకూ 40 సెకన్లలో జవాబిచ్చినవాళ్లు దొరికిపోయారు. కానీ మండే ఆవిర్లు ఉండే చోటికి మామూలు ఫోన్ తీసుకెళ్లకూడదు. అందుకని బయటికొచ్చి, గుర్తున్నది నింపేవారు. గ్లవ్స్‌తో, చెమట చేతులతో స్క్రీను పని చేయదు. మళ్లీ అట్ట మీద కాగితానికే వచ్చేశాం. యాప్ ఆఫీసులో లెక్కలకు మంచిది, మ్యాన్‌హోల్ దగ్గరకు కాదు.

భాష మార్చడం కూడా బాగా పని చేసింది. ఇంగ్లిష్ కాగితం ఉన్నన్నాళ్లూ నేనే నింపి వాళ్లచేత సంతకం పెట్టించేవాణ్ని. అది తప్పు. ఇప్పుడు తెలుగులో 11 ప్రశ్నలు, ఒక్క పేజీ. ఒడిశా నుంచి వచ్చినవాళ్లకు హిందీ తెలిసిన ఫిట్టర్ చదివి చెబుతాడు. దీనికి పట్టే పది నిమిషాల గురించి మొదట్లో గొడవలయ్యాయి గానీ, ఇప్పుడు గ్యాస్ అంకె రాయందే మా వెల్డర్లే "దిగం" అంటున్నారు.

ఒక్క లోటు ఇంకా తీరలేదు. భోజనం తర్వాత మళ్లీ చూడాల్సిన గడి వారంలో ఒకటి రెండు సార్లు ఖాళీగానే వస్తోంది. అందుకే మధ్యాహ్నం రెండు గంటలకు నేనే మీటరు పట్టుకుని మ్యాన్‌హోల్ దగ్గర నిలబడుతున్నాను.