ఇరుకు ఇంజిన్‌లో ప్లగ్గుల మార్పు: మానిఫోల్డ్ విప్పడం మేలా, సందులోంచి చేయి దూర్చడం మేలా?

వెనుక వరుస స్పార్క్ ప్లగ్గులు మార్చాలంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల అమరిక, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి తీరాలా, పక్క సందులోంచి చేయి దూర్చి పని కానిస్తే సరిపోదా? తమ కారుకు తామే పానా పట్టుకునేవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ మీద, ప్లగ్గులకు కరెంటు అందించే కాయిళ్లు నాలుగూ ఎదురుగా బారులు తీరి కనిపిస్తుంటే ఈ చర్చతో పనిలేదు. చిక్కంతా ఆరు సిలిండర్ల వీ ఇంజిన్‌ను అడ్డంగా కూర్చోబెట్టిన కార్లతోనే. ముందు మూడు ప్లగ్గులు చేతికందుతూ ఉంటాయి. వెనుక మూడు ఫైర్‌వాల్‌ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) వైపు తిరిగి, మానిఫోల్డ్ గొట్టాల కింద దాక్కుంటాయి.

వాటిని చేరడానికి రెండు దారులున్నాయి. మానిఫోల్డ్ పై భాగాన్ని విప్పి పక్కన పెట్టి, ప్లగ్గులను పైనుంచి చూస్తూ పని చేయడం రాజమార్గం. దేన్నీ విప్పకుండా పొట్టివీ పొడుగువీ ఎక్స్‌టెన్షన్లు కలుపుకొని, అవసరమైతే మధ్యలో ఎటైనా వంగే కీలు, అంటే యూనివర్సల్ జాయింట్ పెట్టి, కంటికి కనిపించని ప్లగ్గును చేతి అంచనాతో తిప్పడం దొడ్డిదారి. నా మొగ్గు రాజమార్గం వైపే అని ముందే చెప్పేస్తున్నాను.

అలాగని దొడ్డిదారిని సమర్థించేవాళ్ల వాదన తేలికైనదేమీ కాదు. మానిఫోల్డ్ విప్పడమంటే థ్రాటిల్ బాడీ, వాక్యూమ్ గొట్టాలు, సెన్సర్ల కనెక్టర్లు, కొన్ని కార్లలో కూలెంట్ గొట్టాలు కూడా ఊడదీయడం. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి కాగిన ప్లాస్టిక్ క్లిప్పులు ముట్టుకుంటే విరుగుతాయి. గాస్కెట్లు కొత్తవి వేయాలి. అన్నిటికన్నా భయపెట్టేది, మానిఫోల్డ్ తీయగానే కింద నోళ్లు తెరుచుకునే రంధ్రాలు. అవి నేరుగా వాల్వుల దగ్గరికి వెళతాయి. ఒక చిన్న బోల్టు జారి అందులో పడిందంటే ప్లగ్గుల మార్పు కాస్తా ఇంజిన్ మరమ్మతు అవుతుంది. తీసిన మరుక్షణమే శుభ్రమైన గుడ్డతోనో వెడల్పాటి టేపుతోనో వాటిని మూసేయాలి. ఆ తర్వాతే మరో పానా ముట్టుకోవాలి. ఇంత తతంగం మూడు ప్లగ్గుల కోసమా అని అడిగితే, సమయం ఒక్కటే లెక్కయితే దొడ్డిదారే గెలుస్తుంది.

కానీ నా లెక్కలో సమయం రెండో వరుసలో ఉంటుంది. ప్లగ్గును విప్పడం ఏ దారిలోనైనా సాధ్యమే. జాయింట్ ఎంత వంకరగా ఉన్నా, రాచెట్ ఒక్కొక్క పన్నే కదిలినా, పాత ప్లగ్గు ఎలాగోలా బయటికి వస్తుంది. అసలు పరీక్ష కొత్తదాన్ని లోపలికి ఎక్కించేటప్పుడే. ప్లగ్గు ఒళ్లు ఉక్కు, సిలిండర్ హెడ్ అల్యూమినియం. రెండింటి త్రెడ్డూ (మర చుట్లు) సరిగా కలవకపోతే నలిగేది మెత్తనిదే, అంటే హెడ్. ప్లగ్గు పోతే కొత్తది కొనుక్కోవచ్చు. హెడ్‌లో త్రెడ్డు పోతే ఉన్నదాన్ని తొలిచి కొత్త మర ఉన్న తొడుగు, అంటే ఇన్సర్ట్ వేయాలి. ఆ ఇరుకులో అది కుదరకపోతే హెడ్డే దించాల్సి రావచ్చు.

త్రెడ్డు సరిగా పడిందో లేదో చెప్పే పరికరం వేళ్లు ఒక్కటే. మొదటి మూడు నాలుగు చుట్లు రాచెట్ లేకుండా, సాకెట్‌నో ఎక్స్‌టెన్షన్‌నో వేళ్ల మధ్య పట్టుకొని తిప్పినప్పుడు ప్లగ్గు ఏ పట్టూ లేకుండా నూనె రాసినట్లు దిగాలి. ఒక్క చోట గరగరమన్నా వెనక్కి తిప్పేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఎక్స్‌టెన్షన్ ప్లగ్గుకు తిన్నగా ఉన్నంతవరకు ఈ స్పర్శ చక్కగా వేళ్లదాకా వస్తుంది. మధ్యలో యూనివర్సల్ జాయింట్ చేరిందంటే సగం ఆ కీలులోనే ఆగిపోతుంది. తగిలే బిగువు త్రెడ్డుదో, కీలుదో, ప్లగ్గు కూర్చునే లోతైన గొట్టం గోడకు సాకెట్ రాసుకోవడం వల్ల వచ్చిందో తెలియదు.

బిగించేటప్పుడు ఇదే సమస్య ఇంకో రూపంలో ఎదురవుతుంది. వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు అల్యూమినియం హెడ్‌లో సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల దానికి 15 నుంచి 20 బిగింపు బలం (టార్క్) ఉండాలి. తిన్నటి ఎక్స్‌టెన్షన్ ఎంత పొడవున్నా ఈ లెక్క మారదు. కీలు వంగితే మారుతుంది. 30 డిగ్రీలు వంగిన జాయింట్‌లో, అది ఏ స్థితిలో ఆగిందన్నదాన్ని బట్టి చివరికి చేరే బలం సుమారు 13 శాతం తగ్గవచ్చు, 15 శాతం పెరగనూవచ్చు. ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ 25 దగ్గర టక్కుమంటుంది, ప్లగ్గుకు చేరింది 22 కావచ్చు, 29 కావచ్చు. దీనికి తోడు త్రెడ్డుకు గ్రీజు పూసే అలవాటు ఉంటే అదే అంకె దగ్గర ప్లగ్గు ఇంకా ఎక్కువగా బిగుస్తుంది. తమ ప్లగ్గులకు పైపూత ఉంది, ఏమీ పూయొద్దని ప్లగ్గుల తయారీ సంస్థ ఎన్‌జీకే స్పష్టంగానే చెబుతోంది.

పింగాణీ సంగతి కూడా ఉంది. వంకరగా పట్టిన సాకెట్ ప్లగ్గు షట్కోణాన్ని తిప్పుతూనే పైనున్న తెల్లటి పింగాణీని ఒక పక్కకు నొక్కుతుంది. వెంట్రుకంత పగులు పడితే కంటికి కనిపించదు. కొన్నాళ్లకు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ తడబడుతుంది. కొత్త ప్లగ్గులు వేసి ఎంతో కాలం కాలేదు కదా అని అందరూ కాయిళ్ల మీద అనుమానపడతారు.

అందుకే దారి ఎంచుకునే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోమంటాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, అన్నిటికన్నా కష్టమైన ప్లగ్గును ఎంచుకోండి. గొట్టంలో దుమ్మును గాలితో ఊది, దొడ్డిదారిలోనే విప్పండి. పూర్తిగా ఊడాక అదే పాత ప్లగ్గును అదే దారిలో, వేళ్లతో మాత్రమే తిరిగి ఎక్కించి చూడండి. నాలుగు చుట్లు సాఫీగా దిగితే మానిఫోల్డ్ జోలికి పోనక్కర్లేదు. మిగతావీ అలాగే మార్చుకోండి. త్రెడ్డు మొదలు దొరక్క రాచెట్‌ను ఆశ్రయించాలనిపించిందా, అక్కడితో ఆపి మానిఫోల్డ్ బోల్టులు విప్పడం మొదలుపెట్టండి. పాత ప్లగ్గు ఎంత సులువుగా ఊడిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

దొడ్డిదారే ఖాయమైతే కొన్ని జాగ్రత్తలు. లోపల రబ్బరు ఉన్న ప్లగ్గు సాకెట్ చాలాసార్లు బిగించిన ప్లగ్గునే పట్టుకొని, ఎక్స్‌టెన్షన్‌ను మాత్రం వదిలేసి గొట్టం అడుగున ఉండిపోతుంది. అయస్కాంతం ఉన్న సాకెట్ ఈ బాధ పెట్టదు. లాక్ అయ్యే ఎక్స్‌టెన్షన్ ఉంటే ఇంకా మంచిది. మొత్తం పొడవు ఒకేసారి దూరకపోతే ముందు సాకెట్‌ను గొట్టంలోకి దించి, ఎక్స్‌టెన్షన్ ముక్కలను లోపలే ఒకదానికొకటి కలుపుకోవాలి. త్రెడ్డు పట్టించడానికి ప్లగ్గు తల మీద బిగుతుగా కూర్చునే రబ్బరు గొట్టం ముక్క నా దృష్టిలో ఏ జాయింట్‌కన్నా మెరుగు. త్రెడ్డు దారి తప్పితే రబ్బరు గొట్టమే జారిపోతుంది, త్రెడ్డు మీద బలం పడదు. టార్క్ రెంచ్ పట్టనంత ఇరుకైతే వాషర్ ఉన్న కొత్త ప్లగ్గును వేళ్లతో ఆగేదాకా తిప్పి, అక్కడినుంచి అరచుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు బిగిస్తే చాలు. వాషర్ లేని, శంకువు ఆకారపు ప్లగ్గుకు చుట్టులో పదహారో వంతే.

రాజమార్గానికి నా ఓటు పడటానికి ఇంకో కారణం, పనిలోపనిగా కంటబడేవి. ఈమధ్య నా కారు వెనుక వరుస మార్చుకోవడానికి మానిఫోల్డ్ తీసినప్పుడు ఒక ప్లగ్గు గొట్టం అడుగున ఆయిల్ నిలిచి ఉంది. వాల్వ్ కవర్‌లోని సీలు కారుతోందన్నమాట. దొడ్డిదారిలో పనిచేస్తే ఆ ఆయిల్ ప్లగ్గు తీయగానే సిలిండర్‌లోకి దిగేది, కాయిల్ రబ్బరు ఉబ్బి పాడయ్యేదాకా కారణం తెలిసేది కాదు.

కొన్ని ఇంజిన్ల దగ్గర ఈ పోటీయే ఉండదు. సుబారు వాడే, సిలిండర్లు రెండు పక్కలకూ పడుకుని ఉండే బాక్సర్ ఇంజిన్లలో ప్లగ్గులు రెండు పక్కలకూ తిరిగి ఉంటాయి. అడ్డు వచ్చేది మానిఫోల్డ్ కాదు, కారు ఛాసిస్. బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి పక్కనుంచి పోవాల్సిందే. అక్కడ నేనూ అదే చేస్తాను, ఎందుకంటే ఆ దారిలో పొట్టి ఎక్స్‌టెన్షన్లు తిన్నగానే కూర్చుంటాయి.

మిగతా మార్గాలు పేరుకే. అడ్డంగా అమర్చిన కొన్ని వీ ఇంజిన్లలో ఇంజిన్‌ను పట్టి ఉంచే పై మౌంటు విప్పి ఇంజిన్‌ను కాస్త ముందుకు వంచవచ్చు. వెనుక సందు పెరుగుతుంది, మౌంట్ల వయసు చూసుకోవాలి. చక్రం తీసి లోపలి ప్లాస్టిక్ తొడుగు వెనుకనుంచి చేరడం కొన్ని పెద్ద వాహనాల్లో పనికొస్తుంది. 1975లో వచ్చిన వీ8 షెవ్రొలే మోంజాలో ఒక ప్లగ్గు కోసం ఇంజిన్‌నే కొంచెం పైకి లేపాల్సి వచ్చేది. గీసినవాడు మార్చేవాడు కాకపోతే అంతే. మెకానిక్‌కు ఇచ్చేయడం కూడా ఒక దారే, కానీ ఆయన ఏ దారిలో వెళతాడో ముందే అడగండి.

ఏ దారిలో వెళ్లినా ఇంత శ్రమకు మామూలు నికెల్ ప్లగ్గులు వేయకండి. ఇరిడియమో ప్లాటినమో వేస్తే మళ్లీ ఇక్కడ చేయి పెట్టాల్సిన రోజు చాలా దూరం జరుగుతుంది. గ్యాప్ సరిచేస్తానంటూ ఆ సన్నటి ఇరిడియం మొనను గేజితో నొక్కవద్దు, విరుగుతుంది.

మానిఫోల్డ్ తిరిగి బిగించేటప్పుడు మధ్య బోల్టులతో మొదలుపెట్టి అంచులకు వెళ్లండి, రెండు విడతల్లో. చిన్న బోల్టులకు చాలా కార్లలో 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే చెబుతారు. మీ కారు సర్వీస్ పుస్తకంలోని అంకే ప్రమాణం. స్టార్ట్ చేశాక ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) ఎగుడుదిగుడుగా ఉంటే మళ్లీ ప్లగ్గులు ఊడదీయకుండా, ముందు వాక్యూమ్ గొట్టాలన్నీ తిరిగి తగిలించారో లేదో చూడండి. విప్పే ముందు ఫోనుతో తీసుకున్న ఫొటోలు అప్పుడు పనికొస్తాయి.