కాల్డీ దీవి: తెల్ల మఠం కన్నా పాత గుడే నచ్చింది

"ఆదివారం మాత్రం పెట్టుకోకు అన్నయ్యా, పడవలుండవు" అని కార్డిఫ్‌లో ఉండే మా చెల్లి ముందే చెప్పింది. అందుకే అమ్మను తీసుకుని బుధవారం రాత్రికి, వేల్స్‌లో కాల్డీకి పడవలు బయల్దేరే సముద్రతీర ఊరు టెన్బీ చేరాం. సముద్రం కనబడే గది అని ఎక్కువ కట్టించుకున్నారు. కిటికీ తీస్తే పక్కింటి పొగగొట్టాలు! పైగా లిఫ్ట్ లేదు, అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు. టెన్బీలో గది తీసుకునేటప్పుడు ఎన్ని మెట్లో అడిగి మరీ తీసుకోండి.

పొద్దున రేవులో టికెట్ కొని పడవెక్కితే ఇరవై నిమిషాల్లో కాల్డీ. ఎర్ర పెంకుల కప్పులతో తెల్లగా మెరిసే మఠం చూసి చాలా పాతది అనుకుంటాం కానీ, 1906లో దీవిని కొన్న ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చికి చెందిన) బెనెడిక్టైన్ సన్యాసులు కట్టించిందే అది. వాళ్ళు వెళ్ళిపోయాక 1929లో బెల్జియం నుంచి సిస్టర్షియన్ సన్యాసులు వచ్చారు. ఇప్పుడున్నది వాళ్ళే. తెల్లవారుజామున మూడున్నరకే వాళ్ళ ప్రార్థన మొదలవుతుందట. మన ధనుర్మాసం వాళ్ళకు ఏడాది పొడుగునా అన్నమాట.

చాలామంది మఠం ముందు ఫోటో దిగి, చాక్లెట్, లావెండర్ అత్తరు కొనుక్కుని వెనుదిరుగుతున్నారు. చాక్లెట్ బానే ఉంది, అంతే. ఇంకాస్త పైకి నడవండి. అక్కడ పాత మఠం, దాన్నానుకుని శిఖరం ఒరిగిపోయిన సెయింట్ ఇల్టిడ్ గుడి ఉన్నాయి. ఆరో శతాబ్దంలో ఈ దీవి మీద మఠాధిపతిగా ఉన్న పీరో తాగి గోతిలో పడి చనిపోయాడని సెయింట్ శాంసన్ అనే సాధువు జీవిత చరిత్రలో రాశారు. వేల్స్ భాషలో దీవికి ఇప్పటికీ ఆయన పేరే, అనిస్ బీర్, అంటే పీరో దీవి.

గుమ్మం దగ్గర అమ్మ అలవాటుగా చెప్పులు విడిచేసింది. లోపల నేలంతా నల్లటి గులకరాళ్ళు, మంచులా చల్లగా. లోపలున్న రాతి పలక అంచున గీతలు గీతలుగా ఓగమ్ అనే పాతకాలపు ఐరిష్ లిపి, పలక మీద లాటిన్. ఈ దారిన పోయేవాళ్ళంతా కాటువోకోనస్ అనే ఆయన ఆత్మ కోసం ప్రార్థించమని ఉంది. అర్థం చెప్పగానే అమ్మ చేతులు జోడించింది.

తిండి దగ్గర శాకాహారులకు పెద్దగా ఏమీ దొరకలేదు. పులిహోర డబ్బా పట్టుకెళ్ళబట్టి సరిపోయింది.

తిరిగొచ్చేసరికి సముద్రం వెనక్కి తీసింది. పొద్దున ఎక్కింది రేవులో, దిగింది క్యాజిల్ బీచ్‌లో. పడవ నుంచి ఇసుక మీదికి చక్రాల వంతెన వేశారు. దాని మీద నా భుజం పట్టుకుని అమ్మ మెల్లగా దిగింది, చెప్పులు మళ్ళీ చేతిలోనే.